మెడికల్ వార్డులో మొదటి పోస్టింగ్: బీపీ తేడాలు, మంచాన పడ్డ పేషెంట్‌ను తిప్పడం, సెలైన్ చుక్కలు

పినాకిని_జీఎన్ఎం:
అందరికీ నమస్తే. నెల్లూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి సంవత్సరం. సోమవారం నుంచి మగవాళ్ల మెడికల్ వార్డులో పోస్టింగ్. ల్యాబులో బొమ్మ మీద అన్నీ నేర్పారు. కానీ బొమ్మకు చెమట పట్టదు, నొప్పి పుట్టదు కదా. మూడు సందేహాలు ఉన్నాయి.

ఒకే మనిషికి పది నిమిషాల తేడాతో ఇద్దరం బీపీ చూస్తే ఒకరికి 150/90, ఇంకొకరికి 130/80 వస్తోంది. తప్పు ఎక్కడ జరుగుతుంది? రెండోది, పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి, యూరిన్ క్యాథెటర్, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసే ఆహార గొట్టం) రెండూ ఉన్న పెద్దాయన్ని పక్కకు తిప్పే పద్ధతి వరసగా చెప్పండి. వీపుకు స్పిరిట్ రుద్ది పౌడర్ చల్లమని పాత నోట్సులో ఉంది, మేడమ్ వద్దన్నారు. ఎందుకు వద్దో అర్థం కాలేదు. మూడోది, 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో పోవాలంటే ఫార్ములా తెలుసు. మధ్యలో డ్రిప్ వెనకబడితే ఏం చేయాలి?

ఒంగోలు_ట్యూటర్:
అమ్మాయ్, బీపీ సంగతి నేను చెప్తాను, మిగతావి వార్డులో ఉన్నవాళ్లు చెప్తారు.

ఆ రెండు అంకెల్లో ఏది నిజమని అడిగే ముందు, రెండుసార్లూ ఎట్లా చూశారో అడగాలి. పేషెంట్ బాత్రూమ్ దాకా నడిచొచ్చి కూర్చోగానే చూశారా? ఉచ్చ ఆపుకుని ఉన్నాడా? అరగంట లోపల టీ తాగాడా, బీడీ కాల్చాడా? చూసేటప్పుడు మాట్లాడుతున్నాడా? వీటిలో ఏ ఒక్కటున్నా అంకె పైకి పోతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు.

తర్వాత చెయ్యి. కఫ్ (గాలి నింపే పట్టీ) కట్టిన చోటు గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి మంచం పక్కన వేలాడుతుంటే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, 10 పాయింట్ల తేడా సులువుగా వస్తుంది. చెయ్యి ఎత్తుగా ఉంటే తక్కువ చూపిస్తుంది. పేషెంట్‌ను తన చెయ్యి తానే పైకి పట్టుకోమనకండి. కండరం బిగుస్తే అదీ తప్పే. కింద దిండు పెట్టండి.

మీ తేడాకు కారణం కఫ్ కూడా అయ్యుండొచ్చు. లోపలి రబ్బరు సంచి వెడల్పు దండచేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. చీమకుర్తి క్వారీలో రాళ్లు మోసే మనిషి దండచేయి, నెలల తరబడి తిండి లేక ఎండిపోయిన ముసలాయన దండచేయి ఒక్కటి కావు. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ లేనివాడికి ఉన్నట్టు వస్తుంది, సన్నచేతికి పెద్ద కఫ్ కడితే ఉన్నవాడికి లేనట్టు వస్తుంది. చొక్కా చెయ్యి పైకి చుట్టి దాని కింద కట్టడం కూడా వద్దు, ఆ చుట్టే ఇంకో కఫ్‌లా బిగుస్తుంది. చెయ్యి చొక్కాలోంచి పూర్తిగా తీయించండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు 2 నుంచి 3 సెంటీమీటర్లు పైన ఉండాలి.

ఇప్పుడు చాలామంది మానేసే పని. స్టెత్ పెట్టకముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఎక్కడ ఆగిందో చూడండి. 140 దగ్గర ఆగిందనుకోండి, గాలి పూర్తిగా వదిలి, ఒక నిమిషం ఆగి, ఈసారి స్టెత్ పెట్టి 170 దాకా కొట్టండి. అంటే ఆగిన చోటికి 30 కలపాలి. బీపీ ఎక్కువున్న కొందరిలో చప్పుడు 190 దగ్గర మొదలై, మధ్యలో మాయమై, మళ్లీ 160 దగ్గర వినపడుతుంది. మీరు అంచనాగా 180 దాకా కొట్టి దించితే 160 అని రాసేస్తారు. నాడి పట్టి చూసినవాళ్లు ఆ పొరపాటు చేయరు. గాలి దించేది సెకనుకు 2 నుంచి 3 పాయింట్లే. గబుక్కున దించితే పైది తక్కువ, కిందిది ఎక్కువ వస్తుంది. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. సరిగా వినలేదని మధ్యలో మళ్లీ గాలి ఎక్కించకండి. మొత్తం వదిలేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మొదటి నుంచి చూడండి.

ఏ చేతికి చూడకూడదో గుర్తుంచుకోండి. డయాలిసిస్ ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి ఎట్టి పరిస్థితిలోనూ కఫ్ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఫిస్టులా మూసుకుపోతే ఆ మనిషికి డయాలిసిస్ దారే పోతుంది. మీ జిల్లా, మా జిల్లా వార్డుల్లో కిడ్నీ పేషెంట్లు తగులుతూనే ఉంటారు కాబట్టి కఫ్ తీసే ముందే "ఏ చేతికి డయాలిసిస్ పెడతారు?" అని అడగడం అలవాటు చేసుకోండి. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి, పక్షవాతం వచ్చిన చెయ్యి కూడా వదిలేయండి.

చార్టు గురించి ఒక్క మాట. వార్డులో ఏ చార్టు తీసినా శ్వాస దగ్గర అందరికీ 18 లేదా 20 అని ఉంటుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే పేషెంట్ పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు కదిలే అంకె అదే. బీపీ పడిపోకముందే శ్వాస 24, 28 అవుతుంది. లెక్కిస్తున్నామని పేషెంట్‌కు చెబితే శ్వాస మారిపోతుంది. అందుకని నాడి చూశాక చెయ్యి వదలకుండా, నాడే చూస్తున్నట్టు ఉండి ఛాతీ కదలిక లెక్కపెట్టండి. సమంగా ఉంటే 30 సెకన్లు చూసి రెట్టింపు, కొంచెం అటూ ఇటూ ఉన్నా పూర్తి నిమిషం. నాడి కూడా అంతే. చంకలో థర్మామీటర్ పెట్టేముందు చెమట తుడవండి, రుద్దకండి.

కనిగిరి_స్టాఫ్‌నర్స్:
తిప్పడం గురించి నేను రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

ఒక్కరే తిప్పకండి. సాయం లేకపోతే అటెండర్‌ని పిలవండి, అదీ కుదరకపోతే పేషెంట్ తాలూకు మనిషిని పిలిచి ఏం చేయాలో ముందు చెప్పండి. ఒంటరిగా నెడితే జరిగేది రెండు. మీ నడుం పోతుంది, ఆయన చర్మం పరుపు మీద రాపిడై ఊడుతుంది. పైకి కనిపించకపోయినా లోపలి రక్తనాళాలు సాగి నలుగుతాయి, అదే నాలుగైదు రోజులకు పుండై బయటపడుతుంది. ఎత్తాలి, ఈడ్వకూడదు. అందుకే నడుం కింద డ్రా షీటు (అడ్డంగా పరిచే గుడ్డ) ఉండేది.

ముందు చేతులు కడుక్కోండి. పెద్దాయనకు చెప్పండి: "తాతా, కుడి పక్కకు తిప్పుతున్నాం" అని. మాట రాకపోయినా చెప్పాలి, వినపడుతూనే ఉంటుంది. తెర వేయండి. మంచం చక్రాలకు బ్రేకు వేయండి. రైల్స్ ట్యూబులో ఆహారం పోసి ఎంతసేపైందో చూడండి. అరగంట నుంచి గంట కాకపోతే ఆగండి, లేకపోతే తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత గొట్టాలన్నీ కంటితో ఒకసారి చూసుకోండి. ట్యూబు ముక్కుకు ప్లాస్టర్ గట్టిగా ఉందా, డ్రిప్ గొట్టం సరిపడా పొడుగుందా, యూరోబ్యాగ్ (ఉచ్చ చేరే సంచి) ఏ పక్క తగిలించి ఉంది.

బ్యాగు దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. తిప్పేటప్పుడు అడ్డమని బ్యాగు తీసి పరుపు మీద, పేషెంట్ కాళ్ల మధ్య పెడతారు. గొట్టంలో నిలిచిన ఉచ్చ మళ్లీ లోపలికి పోతుంది, దాంతోపాటు క్రిములూ పోతాయి. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. తిరిగే పక్కకు ముందే మార్చి తగిలించండి.

కుడికి తిప్పాలంటే ముందు ఆయన్ని డ్రా షీటుతో ఎత్తి మంచం ఎడమ అంచు వైపు జరపండి. ఈ పని మరిస్తే తిరిగాక ముఖం కుడి కటకటాలకు ఆనుతుంది. పడిపోయిన ఎడమ చెయ్యిని మోచేయి, మణికట్టు రెండు చోట్లా పట్టి ఛాతీ మీద పెట్టండి. ఆ చెయ్యి పట్టుకుని మనిషిని ఎప్పుడూ లాగకండి. భుజం కండరాలకు పట్టు ఉండదు కాబట్టి కీలు జారిపోతుంది, ఆ నొప్పి నెలలు పడుతుంది. ఎడమ మోకాలు కొంచెం మడిచి కుడి కాలు మీదకు తెండి. ఇద్దరూ డ్రా షీటు అంచును ఆయన ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఒకేసారి తిప్పండి. మీ మోకాళ్లు వంగాలి, నడుం కాదు.

పూర్తి పక్కకు 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, ఎడమ చెయ్యి కింద ఒకటి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేట్టు ఉంచండి. మోకాలి గుంట కింద మాత్రం పెట్టకండి, అక్కడ రక్తనాళాలు నొక్కుకుంటాయి. తిప్పాక కుడి చెవి మడత పడిందేమో, కుడి చెయ్యి కింద నలిగిందేమో చూడండి. ఎడమ పక్కకు తిప్పినప్పుడు ఇంకా జాగ్రత్త. ఎడమ పక్క పడిపోయిన కొందరికి ఆ పక్క తమదనే ధ్యాసే ఉండదు, చెయ్యి కింద నలిగినా చెప్పలేరు. ఆ పక్క ఎక్కువసేపు ఉంచకండి.

కనిగిరి, దర్శి, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఇంకో సంగతి. ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. వాళ్లకు మెడ వంచాలని, కాలు చాపాలని బలవంతం చేయకండి. ఒళ్లంతా దుంగలా ఒకేసారి తిప్పి, వంపు ఎక్కడుంటే అక్కడ మడిచిన దుప్పటి పెట్టి ఆనుడు ఇవ్వండి. వంగి గట్టిపడిన వీపులో పైకి పొడుచుకొచ్చిన ప్రతి ఎముకా పుండు పడే చోటే.

స్పిరిట్ ఎందుకు వద్దంటే, అది చర్మంలోని నూనెను తీసేసి ఎండగొడుతుంది. ఎండిన చర్మం త్వరగా చిట్లుతుంది. పౌడర్ చెమటతో కలిసి ముద్ద కట్టి మడతల్లో ఇసుకలా రాచుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం రుద్దడం. ఎముక మీద ఎర్రబడిన చోట రుద్దితే అప్పటికే దెబ్బతిన్న లోపలి కణజాలం ఇంకా చితుకుతుంది. వీపు తుడవొద్దని కాదు. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, అద్ది ఆరబెట్టి, పొడిగా ఉన్న చోట కొబ్బరినూనో మాయిశ్చరైజరో పలచగా రాయండి. విరేచనాలవుతుంటే పిరుదుల దగ్గర జింక్ ఆక్సైడ్ క్రీమ్.

తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు, చీలమండ, మోచేతులు, తల వెనక చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా నష్టం జరగలేదు. తెల్లబడకపోతే అది మొదటి దశ బెడ్‌సోర్, వెంటనే సిస్టర్‌కు చెప్పి రాయాలి. మన నల్లటి ఒంటిమీద ఎరుపు తేలిగ్గా కనపడదు. చేతి వెనక భాగంతో తాకి పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, వంకాయ రంగులోకి తిరిగిందా చూడండి.

రోహిణి కార్తెలో రబ్బరు షీటు కింద నీరు కారినంత చెమట పడుతుంది. షీటు నేరుగా ఒంటికి తగలకుండా నూలు డ్రా షీటు తప్పకుండా పరవండి, తడిస్తే మళ్లీ తిప్పే రెండు గంటల దాకా ఆగకుండా అప్పుడే మార్చండి. ముడతలు ఉండకూడదు, అన్నం మెతుకు ఉండకూడదు, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) మూత పొరపాటున కింద పడి ఉండకూడదు.

పినాకిని_జీఎన్ఎం:
చాలా థ్యాంక్స్ అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మడమల కింద గ్లవ్‌లో నీళ్లు నింపి పెట్టడం, నడుం కింద గాలి రింగు పెట్టడం చూశాను. అవి మంచివేనా? ఇంకోటి, ఇంటివాళ్లు రాగి జావ తెచ్చి ట్యూబులో పోయమంటారట, పోయొచ్చా?

కందుకూరు_ఐసీయూ:
రెండూ వద్దు. రింగు మధ్యలో ఖాళీ ఉన్నా చుట్టూ అంచు నొక్కడంతో మధ్యలోకి రక్తం రాదు. నీళ్ల గ్లవ్ చిన్నది, గట్టిగా ఉంటుంది, బరువును పంచదు, పగిలితే పక్క తడుస్తుంది. పైన చెప్పినట్టు పిక్కల కింద దిండే మేలు.

రెండు గంటలకోసారి తిప్పాలనే లెక్క గురించి కూడా ఒక మాట. అది అందరికీ సరిపోయే గీత కాదు. తిప్పాక అరగంటకు కూడా ఎరుపు పోకపోతే ఆయనకు రెండు గంటలు ఎక్కువే, గంటన్నరకో గంటకో తగ్గించాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేయడం ఇంకో పొరపాటు.

రాగి జావ పోయొచ్చు, డాక్టరు, డైటీషియన్ ఒప్పుకుంటే. పలచగా కాచి, వడకట్టి, గది వేడికి చల్లారాక. ఉండలుంటే ట్యూబు మూసుకుపోతుంది. ప్రతిసారీ ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు అదే చోట ఉందా చూడండి. ట్యూబు కొత్తగా వేసినప్పుడు పొడవు కొలిచేది ముక్కు కొన నుంచి చెవి తమ్మె, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరి దాకా. సిరంజీతో గాలి కొట్టి పొట్ట మీద స్టెత్‌తో వినే పద్ధతిని నమ్మకండి. ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా ఆ చప్పుడు వినపడొచ్చు. లోపలి ద్రవం లాగి పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో చూపేది) మీద చూస్తే 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అనుమానం ఉంటే ఎక్స్‌రే చూసేదాకా చుక్క కూడా పోయకండి.

పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపాలి, అయ్యాక అరగంట నుంచి గంట అట్లాగే ఉంచాలి. ముందు 30 ఎంఎల్ నీళ్లు, తర్వాత 200 ఎంఎల్ దాకా ఆహారం, మళ్లీ 30 ఎంఎల్ నీళ్లు. పిస్టన్ తీసిన సిరంజీని ఎత్తుగా పట్టుకుని దానంతట అదే దిగనివ్వాలి, 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. తోసి పంపకండి. దగ్గు వచ్చినా, ముఖం నీలమైనా ఆపేయండి. నోటితో తినకపోయినా పళ్లు, నాలుక రోజూ శుభ్రం చేయాలి, లేకపోతే నోట్లోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. బీపీ మాత్రల్లో కొన్ని నెమ్మదిగా కరిగేవి ఉంటాయి. వాటిని నూరి ట్యూబులో పోస్తే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. నూరేముందు అడగండి.

గూడూరు_నైట్‌డ్యూటీ:
డ్రిప్ మిగిలిపోయింది. డ్రిప్ సెట్ (సెలైన్ గొట్టం) కవర్ మీద ఒక ఎంఎల్‌కు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది, అది చూడకుండా లెక్క వేయకండి. 20 చుక్కల సెట్ అయితే 500 ఇంటు 20, భాగించు 240 నిమిషాలు. 41.6 వస్తుంది, అంటే నిమిషానికి 42. అదే 15 చుక్కల సెట్ అయితే 31. మైక్రో సెట్‌లో ఎంఎల్‌కు 60 చుక్కలు, కాబట్టి గంటకు ఎన్ని ఎంఎల్‌లో నిమిషానికి అన్నే చుక్కలు, లెక్కే అక్కర్లేదు.

సీసా మీద ప్లాస్టర్ ముక్క అంటించి గంటగంటకు గుర్తు పెట్టండి. 500 ఎంఎల్ 4 గంటలకైతే గంటకు 125. ఉదయం 10కి మొదలైతే 11 గంటలకు 375 గీత దగ్గర ఉండాలి.

వెనకబడితే వేగం పెంచి అందుకోవాలని చూడకండి. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు గంటలో 250 పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎందుకు తగ్గిందో చూడండి. మోచెయ్యి మడిచాడా, గొట్టం ఒంటి కింద నలిగిందా, సీసా స్టాండు కిందికి దిగిందా, గాలి దారి మూసుకుపోయిందా. గట్టి ప్లాస్టిక్ సీసాకు గాలి దారి ఉన్న సెట్ వాడాలి. సీసా నెత్తిన ఊరికే సూది గుచ్చి గాలి ఎక్కించే అలవాటు కనిపిస్తుంది, దాని గుండా వార్డు గాలీ దుమ్మూ నేరుగా సెలైన్‌లోకి పోతాయి. కాన్యులా చోటు చూడండి. వాచి, తాకితే చల్లగా ఉంటే ద్రవం నరం బయటకు పోతోంది. ఎర్రగా, వేడిగా, నరం తాడులా తగిలితే నరం వాచింది. రెండింటికీ డ్రిప్ ఆపి, సిస్టర్‌కు చెప్పి, కాన్యులా తీయించాలి. ఎంత మిగిలిందో సిస్టర్‌కు చెప్తే కొత్త లెక్క డాక్టరు చెప్తారు.

ఇంకో ప్రాణాంతకమైన సంగతి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను నరంలోకి నేరుగా ఎప్పుడూ ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, సీసాను రెండు మూడుసార్లు తిరగేసి బాగా కలిశాకే పెట్టాలి. వేలాడుతున్న సీసాలోకి ఇంజెక్ట్ చేస్తే అది కిందకు చేరి ఒక్కసారే దిగుతుంది. మొదటి సంవత్సరం విద్యార్థులు ఆ పనికి చెయ్యి పెట్టకండి, పక్కన నిలబడి చూడండి.

ఉచ్చ లెక్క కూడా డ్రిప్‌తో కలిపి రాయండి. కిలోకు గంటకు 0.5 ఎంఎల్ రావాలి, 60 కిలోల మనిషికి 30. వరసగా రెండు గంటలు అంతకు తగ్గితే ముందు క్యాథెటర్ గొట్టం మడత పడిందేమో చూసి, లేకపోతే వెంటనే చెప్పండి.

పినాకిని_జీఎన్ఎం:
కాన్యులా తీసేటప్పుడు సూది గుచ్చుకుంటుందేమోనని భయంగా ఉంది. గుచ్చుకుంటే?

ఒంగోలు_ట్యూటర్:
కాన్యులా తీసేటప్పుడు లోపల సూది ఉండదమ్మా, ప్లాస్టిక్ గొట్టమే. గుచ్చుకునేది ఎక్కువగా ఇంజెక్షన్ చేశాక మూత మళ్లీ పెట్టేటప్పుడు. మూత పెట్టకండి. పంక్చర్ కాని తెల్ల డబ్బా మంచం దగ్గరికే తీసుకెళ్లి సూది అందులో వేయండి. గొట్టాలు, గ్లవ్స్, సూది లేని సిరంజీలు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలో, గాజు ఆంప్యూళ్లు నీలం డబ్బాలో.

ఒకవేళ గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్ పోయకండి. పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. పేషెంట్ పేరు, మంచం నంబరు గుర్తుపెట్టుకుని అప్పుడే సిస్టర్‌కు చెప్పండి. డ్యూటీ అయ్యాక చెబుదామని ఆగకండి. హెచ్ఐవీ రాకుండా వేసే మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు, 28 రోజులు వేసుకోవాలి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ అయ్యాయా? కాకపోతే సోమవారం లోపల కాలేజీలో అడిగి మొదటిది వేయించుకోండి.